రెండూ ఒకటేనన్న మనిషి

మా ఆయన పనిచేసిన షాపు ఓనరు మీద నాకున్న కోపం ఇప్పట్లో చల్లారేది కాదు. మా ఆయన మీదా కోపమే.

ఇరవై రెండేళ్లు అక్కడే చేశాడు. ఖరీదైన స్పీకర్లు కొనుక్కునేవాళ్లకి ఏ యాంప్లిఫయర్ సరిపోతుందో వినిపించి చెప్పడం పని. వచ్చినవాళ్లంతా ముందు వాట్లెన్ని అని అడుగుతారు. ఈయనేమో మీ గది ఎంత, సౌండ్ ఎంత పెడతారు, స్పీకర్లు ఎంత కరెంటు లాగుతాయి అని ఎదురు ప్రశ్నలేస్తాడు. ఇంట్లోనూ అంతే, ఉప్పు తెమ్మంటే ఎంత, ఎందుకు అంటాడు.

రెండు యాంప్లిఫయర్లు పోల్చాలంటే, ముందు స్పీకరు వైర్ల దగ్గర మీటరు పెట్టి రెంటి సౌండూ వెంట్రుకవాసి తేడా లేకుండా సమం చేస్తాడు. పిసరంత గట్టిగా మోగేదే మనిషికి బాగున్నట్టు అనిపిస్తుందట. ఆ సంగతి ఓనరుకి ఇంకా బాగా తెలుసు. ఖరీదైనదాని సౌండు కాస్త పైకి తిప్పి వినిపించమనేవాడు. ఈయన తిప్పేవాడు కాదు.

మొన్న ఒక పళ్ల డాక్టరు స్పీకర్లు కొన్నాడు. ఇద్దరు పడితే గానీ లేవని పెద్ద యాంప్లిఫయర్ తీసుకోవాలా, దాని ధరలో ఆరో వంతు ఉండే చిన్నదా అని ఊగిసలాట. ఆ డాక్టరు హాలు చిన్నది, సౌండు పెట్టేదీ తక్కువే. మా ఆయన సమం చేసి, ఏది మోగుతోందో కనపడకుండా తెర కట్టి, గుమాస్తా చేత మార్పిస్తూ వినిపించాడు. డాక్టరు తేల్చుకోలేక మీరే చెప్పండన్నాడు. ఈయన కళ్లు మూసుకుని అరగంట విని, నాకు తేడా తెలియట్లేదు, మీకు చిన్నది చాలు అని కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేశాడు.

డాక్టరు ఆలోచించుకుని శనివారం వస్తానని వెళ్లాడు. ఓనరుకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆవేళ జలుబు చేసి చెవులు మూసుకుపోయాయని డాక్టరుకి చెప్తే ఉద్యోగం ఉంటుందట, లేకపోతే లేదట. గొడ్డు చాకిరీ చేయించుకున్నవాడు అనాల్సిన మాటేనా అది?

కానీ చెప్పమని పోరింది నేనే. యాభై దాటిన మనిషికి ఈ పని ఇంకెవరిస్తారు? ఒక్క జలుబుకి కొంపేం మునుగుతుందని రెండు రోజులు అన్నం దగ్గర కూడా సాధించాను. చివరికి సరేనన్నాడు. నమ్మకం చాలక నేనూ వెంట వెళ్లాను.

డాక్టరు కూర్చోగానే ఓనరే అందుకుని, పాపం ఆవేళ మావాడికి జలుబండీ అన్నాడు. మా ఆయన నా వైపు చూశాడు. చెప్పమని తలూపాను.

"జలుబు లేదండీ" అన్నాడు. "నా చెవులు బాగానే ఉన్నాయి. ఇప్పుడు విన్నా అదే చెప్తాను."

డాక్టరు నవ్వి, అయినా పెద్దదే తీసుకుంటాను, హాల్లో నిండుగా కనిపిస్తుంది అన్నాడు. బిల్లు రాయించాక ఓనరు మా ఆయన్ని షాపు తాళాలు అక్కడ పెట్టి వెళ్లమన్నాడు.

దారి పొడవునా తిట్టాను. "ఎలాగూ పెద్దదే కొనేవాడికి నిజం చెప్పి ఏం సాధించారు? కందకి లేని దురద కత్తిపీటకెందుకు?"

బస్టాపు వచ్చింది. అక్కడ నిలబడి అన్నాడు.

"కొనుక్కోవడం ఆయనిష్టం. విన్నది నేను కదే."

ఆ మాటలో తప్పేం లేదు. అందుకే ఇంత కోపం.