కట్టేసి కొడితే పోయింది దయ్యం కాదు, మా కరుణాకర్

షుగరు మాత్ర మింగేవాణ్ని మీ సంఘంలో ఎవరైనా స్తంభానికి కట్టి కొట్టారా?

మరి మా కరుణాకర్‌ని ఎందుకు కొట్టారు?

నిన్న పొద్దున పొన్నూరులో బస్సు దిగుతుంటే ఫోన్. "అన్నయ్యా, అన్న పోయాడు" అంది వాడి చెల్లెలు సుగుణ. దిగినవాణ్ని దిగినట్టే రేపల్లె బస్సెక్కాను.

నాకు సొంత తమ్ముడి లెక్క, రేపల్లెలో మా సంఘం ప్రార్థనకి డోలక్ వాయించేవాడు. వాడి చెయ్యి పడితే ముసలమ్మలు కూడా లేచి చప్పట్లు కొట్టేవాళ్లు.

అలాంటివాడు తిండి, నిద్ర, మాట అన్నీ మానేశాడు. డోలక్ గోడకెక్కింది.

తెనాలిలో డాక్టరమ్మకి చూపించాను. డిప్రెషన్ అన్నారు. ఒత్తిడి ఏళ్ల తరబడి తగ్గకపోతే, ఒంట్లో ఊరే కార్టిసాల్ అనే హార్మోను మెదడునే దెబ్బతీస్తుందట. కణాల కొమ్మలు ఎండిపోతాయట. అవి మళ్లీ చిగురించడానికి మాత్ర సాయం చేస్తుంది. అందుకే వారాలు పడుతుంది. అందుకే ఒక్కసారిగా ఆపకూడదు.

తిరుగు బస్సులో వీడి వేళాకోళం!

"అయితే అన్నయ్యా, నా బుర్రలో నారు పోశారన్నమాట. రేపే కోతలంటే కుదరదు."

కొన్ని నెలలకి డోలక్ గోడ దిగింది. అదే బాధతో ఉన్న సుగుణ కూడా ఆ డాక్టరమ్మ దగ్గరే మందులు మొదలుపెట్టింది.

తర్వాత బాపట్లలో ప్రార్థన సభలు. ఎక్కడినుంచో వచ్చిన ప్రసంగీకుడు మైకులో గర్జించాడు. "మాత్ర మింగేవాడికి విశ్వాసం లేదు! తెచ్చి స్టేజి మీద పడెయ్! సాక్ష్యం చెప్పు!"

దేవుడు చేసిన మేలు నలుగురిలో చెప్పే సాక్ష్యమంటే మనవాళ్లకి ప్రాణం. అన్నాచెల్లెళ్లు ఇద్దరూ స్ట్రిప్పులు పడేశారు. జనం హల్లెలూయా అన్నారు.

కొన్నాళ్లకే వాడి ఫోన్.

"అన్నయ్యా, తల తిప్పితే లోపల కరెంటు కొడతంది. నిద్ర లేదు. చెయ్యి నిలవట్లేదు."

"ఒరేయ్, ఇప్పుడే తెనాలి పద."

"సాక్ష్యం చెప్పేశాను కదన్నయ్యా. మళ్లీ మాత్రేసుకుంటే దేవుణ్ని అబద్ధికుణ్ని చేసినట్టు కాదా?"

రానన్నాడు.

మొన్న సాయంత్రం ఆ సభల గుంపు వాడి ఇంటికొచ్చింది. వాడి వణుకు చూసి, లోపలి దయ్యం వణుకుతోందన్నారు. వసారా స్తంభానికి కట్టారు. వాక్యం చదువుతూ కొట్టారు. పక్కటెముకలు విరిగేదాకా కొట్టారు. అడ్డం పడిన సుగుణని జుట్టు పట్టి ఈడ్చేశారు.

ఆసుపత్రికి చేర్చేసరికి ప్రాణం లేదు.

కొట్టినవాళ్లారా, వినండి!

బైబిల్లో చెట్టు కింద కూలబడి చావు కోరుకున్న ప్రవక్త దగ్గరికి దేవుడు కొరడా పంపాడా? రొట్టె పంపాడు. నీళ్లు పంపాడు. నిద్రపోనిచ్చాడు. మీరు చేసింది పొలంలో తమ్ముణ్ని చంపినవాడి పని. మా వాడి రక్తం నేలలోంచి అరుస్తోంది, వినపడట్లేదా? కేసు పెట్టాం. ఇక్కడ తప్పించుకున్నా అక్కడ తప్పించుకోలేరు!

కరుణాకర్, తమ్ముడా, ఇక నీ మీద ఏ చెయ్యీ లేవదు. నెమ్మదిగా పడుకో. ప్రభువు నీకు నిద్రనివ్వాలి.

కానీ సుగుణ బతికుంది. మాత్రలు ఆపినందుకు ఆమె చేతులూ వణుకుతున్నాయి. ఈ సాయంత్రం సమాధి కాగానే ఆమెని దయ్యం నుంచి "విడుదల" కోసం బాపట్ల తీసుకెళ్తామని ఆ గుంపులో కొందరు గుమ్మంలో నిలబడి చెప్పిపోయారు.

తీసుకెళ్లనివ్వను. సమాధి కంటే ముందే తెనాలి డాక్టరమ్మ దగ్గరికి నేను తీసుకెళ్లి, సమాధి వేళకి వెనక్కి తెస్తున్నాను. అప్పుడు ఆ గుంపుని ఆపడానికి నేనొక్కణ్నే సరిపోను.

మీ ఇంట్లో ఎవరైనా ఇలా మాత్రలు ఆపేసి ఉంటే ఈరోజే డాక్టరుకి చూపించండి. మిగతావాళ్లు పూలదండలు కొనకండి. రేపల్లె రండి. వచ్చి సుగుణ గుమ్మానికి అడ్డంగా నిలబడండి.

సాయంత్రం దాకా ఆగొద్దు. ఇప్పుడే బయల్దేరండి!