దర్శి నుంచి తెచ్చిన ల్యాప్‌టాప్

మొన్న సిమ్ కార్డు కోసం దుకాణానికి వెళ్తే, వేలిముద్ర మిషన్ నా బొటనవేలిని నాలుగుసార్లు చూసి నాలుగుసార్లూ కాదు పొమ్మంది. మార్కాపురంలో ఇరవై ఏళ్ళు పలకలు అరగదీసిన చేతులు కదా, రాయితో పాటు వేళ్ళ గీతలూ అరిగాయి. నేను నేనేనని చెబితే చాలదట, మిషన్ ఒప్పుకోవాలట. ఇలాగే ఇంకో మిషన్ ముందు దిక్కుతోచక కూర్చున్న ఆదివారం ఒకటి గుర్తుకొచ్చింది.

పలకల ఫ్యాక్టరీ మూతపడ్డాక, నలభై దాటిన వయసులో పిల్లల పక్కన కూర్చుని తెలుగు టైపింగ్ నేర్చుకున్నాను. ఒక ప్రైవేటు స్కూలు కరస్పాండెంటుగారు పరీక్ష పేపర్లు కొట్టే ఉద్యోగం ఇస్తానన్నారు, కానీ సోమవారం పొద్దునకల్లా సొంత ల్యాప్‌టాప్‌తో రావాలి, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటామన్నారు. ఆ ఉద్యోగం వస్తే ఇల్లు గట్టెక్కుతుంది. కొత్తది కొనే తాహతు లేక, దర్శిలో ఒకావిడ ఈమధ్యే పోయిన భర్త ల్యాప్‌టాప్ అమ్ముతోందని తెలిసి శనివారం బస్సెక్కాను.

ఆయన పోయినప్పటి నుంచి ఆమె దాన్ని ఆరిపోనివ్వలేదు. ఫోటో ముందు దీపాన్ని కొండెక్కనివ్వనట్టు, మూత దించి ఎప్పుడూ చార్జింగులోనే ఉంచింది. నేనేమో పలకను కొనే అలవాటు కొద్దీ అంచులు తడిమాను, పగుళ్ళు వెతికాను, మీటలన్నీ నొక్కి రెండు వాక్యాలు టైపు చేసి మురిసిపోయాను. ఒకసారి ఆర్పి వెలిగించి చూడాలని ఈ బుర్రకు తట్టలేదు. బ్యాటరీ పాతది, దారిలోనే చార్జింగు అయిపోయింది. ఇంటికొచ్చి వెలిగిస్తే నల్లటి తెర మీద చిన్న గడి ఒకటి వచ్చి పాస్‌వర్డ్ అడిగింది.

ఆదివారం పొద్దున్నే రిపేరు చేసే భాయ్ దగ్గరికి పరుగెత్తాను. "ఇది విండోస్ తాళం కాదన్నా, లోపల బోర్డుకేసిన తాళం. బ్యాటరీ పీకినా పోదు. గుంటూరుకు పంపియ్యాల, పది దినాలు పడతాది. పెట్టినాయన్నే అడుగు" అన్నాడు. పెట్టినాయన ఎక్కడున్నాడని అడగను? మళ్ళీ దర్శి బస్సే ఎక్కాను.

ఆమెకు అలాంటి పాస్‌వర్డ్ ఒకటుందనే తెలియదు. మూడు తప్పులకు మిషన్ మొండికేస్తుంది, ఆర్పి మళ్ళీ మొదలుపెట్టాలి. ముందు భర్త పేరు కొడదామన్నాను. ఆ పేరు నోటితో పలకదు గనుక పాత పేపరు అంచున రాసి ఇచ్చింది. అది కాదు. పిల్లల పేర్లు, పుట్టిన ఊరు, ఇంటి దేవుడు, బండి నంబరు, ఒక్కటీ కాదు. మధ్యాహ్నం దాటింది. నాకు సోమవారం కళ్ళముందు కనిపిస్తోంది. అప్పుడామె కొంగు సర్దుకుంటూ, చెప్పడానికే సిగ్గుపడుతూ, తన పేరు చెప్పింది. చెప్పేటప్పుడు ఆ ముఖంలో చిన్న నమ్మకం కనిపించింది. చిన్నక్షరాల్లో కొట్టాను, పెద్దక్షరాల్లో కొట్టాను. గడి ఖాళీ అయి మళ్ళీ అడిగింది.

"నా పేరు గూడా కాదాన్నా?" అంది.

వెనక అంకెలేవో కలిపి ఉంటాడు తల్లీ, పేరు మాత్రం నీదే అయ్యుంటుంది అన్నాను. ఆమె తలూపి లోపలికి వెళ్ళి, చాలాసేపటి దాకా బయటికి రాలేదు.

సోమవారం ఆ ఉద్యోగం ఇంకొకరికి పోయింది. మా అమ్మకు అక్షరం రాదు, అయినా నాయన పోయినాక ఆయన ట్రంకుపెట్టె తీసి, చొక్కాలూ కాగితాలూ ఒక్కొక్కటే ఒళ్ళో పెట్టుకుని కడుపారా ఏడ్చింది. ఈ కాలపు మగవాళ్ళు పోతూ పోతూ ఏమేం మూసేసి పోతున్నారో ఇంట్లోవాళ్ళకు తెలియడం లేదు. ఉద్యోగం పోయిన బాధ ఎప్పుడో మరిచాను. ఆమె పేరు కొట్టి చూసింది నేను కాకపోయుంటే బాగుండేదని మాత్రం ఇప్పటికీ అనిపిస్తుంది.