అరవై ఎడమ చేతులు

కుట్టు కార్ఖానాలో ఆమెను అందరూ కత్తెరమ్మ అనేవారు. ముప్పై పొరల బట్ట మీద నమూనా అట్ట పెట్టి, సుద్దతో గీసి, కటింగ్ మెషిన్ నడిపిందంటే ముప్పై చొక్కాలకూ నూలుపోగంత తేడా వచ్చేది కాదు. ఆ సంగతి ఆమెకూ బాగా తెలుసు. తెలుసని నలుగురికీ తెలిసేలా నడిచేది కూడా. బల్ల మీద బట్ట పరిచేది ఆమె తోడికోడలు, ఆ ఇంటి చిన్నకోడలు. అక్క మాటంటే ఆ పిల్లకు ఇక తిరుగు లేదు.

ఒకరోజు బట్టంతా మంచివైపు పైకి ఉండేలా పరవమని చెప్పింది కత్తెరమ్మే. అలా పరిచినప్పుడు, ఒక చేతికి గీశాక రెండో చేతికి అట్ట తిరగేసి గీయాలి. ఆవిడగారు తిరగేయడం మరిచిపోయింది. ముప్పై బడి చొక్కాలకు అరవై చేతులూ ఎడమవే వచ్చాయి. బడిపిల్లలకు రెండూ ఎడమ చేతులే ఉంటే ఏ గొడవా ఉండేది కాదు.

ఓనరు నెత్తి కొట్టుకున్నాడు. "ఎవరిదమ్మా ఈ నిర్వాకం?"

"పొరలు ఒకదానికొకటి ఎదురెదురుగా పరవమన్నాను, అప్పుడు అట్ట తిరగేయక్కర్లేదు. ఈ పిల్ల మరిచిపోయింది," అనేసింది కత్తెరమ్మ.

నోరు జారి అన్న మాట కాదు. పరువు పోతుందని ఆడిన అబద్ధం. చిన్నకోడలు తల వంచుకుని ఆ చేతులన్నీ మూటగట్టింది. మర్నాటినుంచి ఆమెను గుండీలు కుట్టే మూలలో కూర్చోబెట్టారు.

ఎనిమిది నెలలు గడిచాయి. వాళ్ళ చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి వెళ్ళేముందు, అందరూ కలిసి పాపాలు ఒప్పుకున్నాక, ఎవరి తప్పు వాళ్ళు దేవుడికి నోటిలోనే చెప్పుకోవడానికి కాసేపు ఆగుతారు. కత్తెరమ్మ ఆ కాసేపూ కిటికీ తెరలు ఎవరు ఇంత వంకరగా కుట్టారా అని చూస్తూ గడిపేసేది. ఆ ఆదివారం మాత్రం పక్కనున్న తోడికోడలి గొణుగుడు చెవిన పడింది.

"ప్రభువా, ఆ చొక్కా చేతుల విషయం. అక్కకు తలవంపులు తెచ్చాను. ఇంకొక్కసారి క్షమించు."

ఇంకొక్కసారి! తను ఆడిన అబద్ధానికి ఈ పిల్ల వారం వారం క్షమాపణ అడుగుతోందా? పాస్టరుగారు రొట్టె చేతిలోకి తీసుకున్నారు. ఇప్పుడు లేవకపోతే ఇక జన్మలో లేవలేనని కత్తెరమ్మకు అర్థమైంది.

"ఆగండి అయ్యగారూ!"

చర్చి అంతా వెనక్కి తిరిగింది. అట్ట తిరగేయకపోవడం దగ్గర్నుంచి అబద్ధం దాకా, ఒక్క ముక్క దాచకుండా చెప్పింది.

పాస్టరుగారు రొట్టె కింద పెట్టారు. "దేవుడు క్షమిస్తాడమ్మా, ఆ మాట ఆయన పేరున నేను చెప్తాను. ముందు ఆ అమ్మాయిని అడుగు."

అడిగేలోపే చిన్నకోడలు, "అయితే నేను మరిచిపోలేదా అక్కా?" అంది.

"లేదమ్మా. నేను చెప్పినట్టే పరిచావు."

"నా బుర్ర పాడైందనుకున్నా. పొయ్యి ఆపానో లేదో అని రోజూ మూడుసార్లు చూసుకుంటున్నా!" ఆమె కళ్ళు తుడుచుకుంది. "నీ మీద చాలా కోపంగా ఉంది. ఇంటికెళ్ళాక తిడతాను. క్షమించడం మాత్రం ఇప్పుడే క్షమించాను. పద."

పాస్టరుగారు దేవుడి పేరున క్షమాపణ మాటలు పలికారు. ఎన్నేళ్ళుగానో వింటున్న మాటలే అయినా, అవి తనకోసమని కత్తెరమ్మకు ఆ రోజే తెలిసింది. ప్రభువు బల్ల వైపు ముందు వెళ్తున్న తోడికోడలు తల ఎత్తుకుని నడుస్తోంది. తను కత్తిరించిన ఏ చొక్కాను చూసినా కత్తెరమ్మకు అంత గర్వం కలగలేదు.

సోమవారం ఓనరుకూ చెప్పేసింది. ఆయన తెల్లబోయాడు. "ఎవరూ పట్టుకోలేదు కదా, ఇప్పుడెందుకు తవ్వుతావు?"

"ఆ పిల్ల చోటు ఆ పిల్లకు ఇచ్చేయండి సార్. గుండీల మూలలో నేను కూర్చుంటాను."

మూడు నెలలు కూర్చుంది. కత్తెరమ్మ అక్కడెందుకుందని కొత్తగా చేరినవాళ్ళు గుసగుసలాడితే, కార్ఖానా అంతా వినేలా తనే చెప్పేది.

"అరవై ఎడమ చేతులు కత్తిరించింది నేనేనమ్మా. అదిగో, ఆ బల్ల దగ్గరున్నది మా చెల్లి. తను పరిచిన బట్టలో ఏనాడూ తప్పు లేదు."