నీళ్లు తగలని సముద్రం

మా ఆయన మస్కట్‌లో ఉంటాడు. డ్యూటీ దిగాక సముద్రం ఒడ్డున కాసేపు కూర్చున్నానని ఫోన్లో చెబుతుంటాడు. నేను కోరుట్లలో బీడీలు చుడుతూ వింటాను. సెలవు మీద వచ్చినప్పుడల్లా ఒక్కసారి నాకూ సముద్రం చూపించమంటాను. పెళ్లిళ్లకూ పరామర్శలకూ తిరిగేసరికి సెలవు అయిపోతుంది.

సిరిసిల్లలో కాపురముండే మా బిడ్డ మొన్న వచ్చినప్పుడు వీఆర్ హెడ్‌సెట్ తెచ్చింది. కళ్లకు కట్టుకునే పెట్టె అది. రెండు చేతులకూ రెండు పిడులు. అందులో ఒక ఆట పెట్టి ఇచ్చింది. గెలవడం, ఓడడం లేవు. మంచులో నడవడమే. రాతి మెట్లు, ఖాళీ ఇళ్లు, గాలి. ఒడిలో బీడీల చాట లేకుండా, ఎక్కడికని ఎవరూ అడగకుండా నడవడం నాకదే మొదలు. దారి పొడుగునా చెక్క పలకల మీద ఇంగ్లిషు రాతలు. తెలుగు అక్షరాలే తల నెరిశాక నేర్చుకున్నదాన్ని, అవి నాకేం తెలుస్తాయి? దూరంగా హోరు వినిపిస్తే అటే వెళ్లాను.

గుట్ట దిగితే సముద్రం. వాన ముందరి మబ్బు రంగులో, అవతలి గట్టన్నది లేకుండా.

ధర్మపురిలో గోదావరికి పోతే ముందు నీళ్లు నెత్తిన చల్లుకుంటాం. తర్వాతే కాలు పెడతాం. రాలేని వాళ్ల పేరు చెప్పి ఒక మునక మునుగుతాం. ఆయన పేరు మీద నేనెప్పుడూ మునుగుతాను. ఆ అలవాటు కొద్దీ వంగి దోసిలి పట్టాను. పిడులు గచ్చుకు టకటకమని తగిలాయి.

"గచ్చు మీద ఏం దేవులాడుతున్నవమ్మా? ముందటికి పో, తడవవు తియ్," అని బిడ్డ నవ్వింది.

"చల్లుకోకుండ కాలెట్ల పెడుతనే?"

అది నవ్వుతూనే వాళ్ల నాన్నకు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టింది. నేను పెట్టె తీయలేదు. ఎదురుగా ఏముందో ఆయనకు చెప్పాను. అక్కడ అట్లా మబ్బుగా ఉండదట, ఎండకు కళ్లు విప్పలేమట. కాసేపు మాటలు నడిచాక, ఇన్నేళ్లలో అడగనిది అడిగాను.

"నా పేరు మీద ఎప్పుడన్న మునిగిండ్రా?"



"లేదు. రానోళ్ల పేరు మీదనే గదా మునిగేది. నువ్వొస్తవని ఆపిన."

ఈసారి సెలవెప్పుడని నేను అడగలేదు. ఫోన్ పెట్టేశాక పెట్టె తీయమని బిడ్డ అంది, మళ్లీ అంది. చార్జింగ్ అయిపోయి చీకటయ్యేదాకా ఆ ఒడ్డునే నిలబడ్డాను, కాలు పెట్టకుండా.