జీపు వచ్చేదాకా

ఎండాకాలం మధ్యాహ్నం మా ఇంట్లో మజ్జిగలో నీళ్ళు పోసే చప్పుడు, ఆ వెంటే లేచే పుల్లటి వాసన నన్ను పెనుకొండలో ఒక చిన్న ఆసుపత్రి వరండాలోకి తీసుకుపోతాయి. తొంభైల్లో నేను ఆ ఊరినుంచి ఒక దినపత్రికకు వార్తలు రాసేవాణ్ణి. ప్రమాదం జరిగినా, కాన్పు కష్టమైనా చుట్టుపక్కల పల్లెలవాళ్ళు మొదట పరుగెత్తేది డాక్టర్ సరళమ్మ దగ్గరికే. కాబట్టి నేనూ అక్కడికే పోయేవాణ్ణి. ఆమె తక్కువ మాట్లాడేవారు. తెలియనిదాన్ని తెలియదనేవారు. వార్త కోసం తొందరపడే వయసులో నాకు ఆ మాట చప్పగా ఉండేది.

మా అక్క తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. బిడ్డ క్షేమంగా పుట్టాడు కానీ ఆ తర్వాత అక్కకు రక్తం ఆగలేదు. దాన్ని ఆపే ప్రయత్నం చేస్తూనే సరళమ్మ రెండు చేతులకూ సెలైన్ పెట్టించారు. తర్వాత పసుప్పచ్చటి ద్రవం ఉన్న సీసా ఒకటి తగిలించారు. ప్లాస్మాకు బదులుగా ఎక్కించేదట. రక్తం మాత్రం హిందూపురం నుంచి రావాలి, అక్కడి బ్లడ్ బ్యాంకులో మనవాళ్ళు రక్తమిస్తేనే వాళ్ళు బదులిచ్చేది. ఆమధ్యే కామెర్లు వచ్చి తగ్గినందున నన్ను వద్దన్నారు. ధర్మవరంలో మగ్గం నేసే మా బావ, ఆయన తమ్ముడు అద్దె జీపు ఎక్కారు.

జీపు కదలబోతుండగా లోపల అక్క కళ్ళు తెరిచి నీళ్ళు అడిగింది. అంతే, ఆమె అత్త నాగమ్మ ఒక్క ఉరుకున వచ్చి జీపుకు అడ్డం నిలబడింది.

“దిగండ్రా! బాటిలు పట్టింది, కోడలు మాట్లాడతాండాది. ఇంగ రగతమెందుకు?”

రక్తమిచ్చిన చేతికి, అడ్డపోగును నడిపే నాడె విసిరే పట్టు తప్పుతుందని మగ్గాల ఇళ్ళలో ఒక భయం ఉండేది. తమ్ముడు వెంటనే దిగిపోయాడు. బావ ఒక కాలు కింద పెట్టాడు.

సరళమ్మ బయటికి వచ్చారు. కేకలు వేస్తారనుకున్నాను.

“నాగమ్మా, చుట్టాలు ఎక్కువై మజ్జిగ చాలకుంటే ఏం చేస్తావు?”

“నీళ్ళు పోస్తా. ఎవురైనా చేసేదే కదమ్మా.”

“కుండ నిండుతాది. పెరుగు పెరుగుతాదా?”

నాగమ్మ తల అడ్డంగా ఊపింది.

“నేను పెట్టిన బాటిలూ అంతే. కుండ నింపినా. అందుకే కోడలు మాట్లాడతాండాది. లోపలుండే రగతం పలచబడిపోయింది. ఇంగా పోస్తే ఇంగా పలచనైతాది. వాండ్లు వచ్చేదాకా ఆయమ్మిని నిలబెట్టేది నా పని. తెచ్చేది వాండ్ల పని.”

“అయితే నాది తీస్కోమ్మా.”

“నీలో ఉండేది నీకే చాలదు.”

నాగమ్మ గిరుక్కున తిరిగి పెద్దకొడుకు మీద పడింది. “ఏమబ్బా, నా మొగం చూస్తాండావు? ఎక్కు! చెయ్యి పడిపోతే నాడె నేను విసురుతాలే!”

అన్నదమ్ములిద్దరూ ఎక్కారు. జీపు వెళ్ళిపోయింది. సరళమ్మ అక్క మంచం పక్కనే స్టూలు వేసుకుని, మణికట్టు వదలకుండా కూర్చున్నారు. నేను ఉండబట్టలేక అడిగాను. “గండం గడిచినట్టేనా, మేడమ్?”

“తెలీదప్పా. జీపు వచ్చినాక అడుగు.”

పొద్దు వాలేలోగా జీపు వచ్చింది. రక్తం ఎక్కించారు. అక్క బతికింది. మళ్ళీ మగ్గమెక్కిన కొన్నాళ్ళకు బావ తాను నేసిన చీర ఒకటి తెచ్చి డాక్టరమ్మ ముందు పెట్టి, “చెయ్యి బాగుండాదమ్మా” అన్నాడు సిగ్గుపడుతూ.

తర్వాతెప్పుడో ఒక బస్సు బోల్తా పడిన రోజు, దెబ్బలు తగిలినవాళ్ళు కోలుకున్నారని రాసుకోవచ్చా అని ఆమెను అడిగాను. “మాట్లాడతాండారని రాయి. అది నువ్వు చూసినావు. కోలుకున్నారని మాత్రం రాయొద్దు. అది నేను కూడా చూడలేదు” అన్నారు.

ఆమె ఇప్పుడు లేరు. నేను బల్ల దగ్గర కూర్చుని ఇతరుల వార్తలు దిద్దుతుంటాను. ప్రాణాపాయం తప్పిందని ఎవరైనా రాసి పంపితే ఫోన్ చేసి, “జీపు వచ్చిందా?” అంటాను. ఏ జీపని కొత్తవాళ్ళు తెల్లబోతారు. పాతవాళ్ళు మాత్రం ఆసుపత్రికి మళ్ళీ బయలుదేరతారు.