కనకలక్ష్మి ఇంట్లో చలి

మా వీధిలో ఎండను ఓర్చుకోలేని మనిషి ఎవరంటే అందరూ కనకలక్ష్మి పేరే చెబుతారు. మార్చి నెల వస్తే చాలు, తడి తువ్వాలు వీపు మీద వేసుకుని తిరిగేది. ఉయ్యూరు దగ్గర చెరుకు తోటల మధ్య పుట్టిన పిల్ల. విజయవాడ గవర్నర్‌పేటలో స్టీలు సామాను హోల్‌సేల్ కొట్టు వాళ్ళింటికి కోడలుగా వచ్చింది. కింద కొట్టు, పైన కాపురం. షట్టర్ కాలి ఆ వేడంతా పై అంతస్తుకు ఎగదన్నేది.

"కోడల్ని కాదండీ పిన్నిగారూ, కుంపటి మీదకి వంకాయని తెచ్చుకున్నారు వీళ్ళు" అని నవ్వేది నాతో.

వాళ్ళాయన పోయాక కొట్టు మరిది వెంకటప్పయ్య చేతికి వెళ్ళింది. పై ఇంట్లో కనకలక్ష్మి, ఆమె ఒక్కగానొక్క కొడుకు హర్షవర్ధన్ మిగిలారు. హర్ష బెంజ్ సర్కిల్ దగ్గర ఏదో ఆఫీసులో చేసేవాడు. మెట్లెక్కేటప్పుడు ఒకసారి గొంతు సవరించుకునేవాడు. అమ్మ ఒక్కతే ఉంటుంది, ఉలిక్కిపడకూడదని. మా గదికీ వాళ్ళ మెట్లకూ మధ్య ఒక్క గోడే కాబట్టి ఆ గొంతు నాకూ వినిపించేది.

ఏటా ఎండాకాలంలో ఒక వారం స్నేహితులతో కలిసి మంచుకొండలకు వెళ్ళేవాడు. తాళ్ళు పట్టుకుని బండలెక్కుతారట, వాగులు దాటుతారట, డేరాల్లో పడుకుంటారట. నేను ఊరుకుంటానా? "ఎవర్రా ఆ స్నేహితులు? ఆడపిల్లలు కూడా వస్తారా? ఒకే డేరానా?" అని అడిగేదాన్ని.

"మామ్మగారూ, మీరు పోలీసుల్లో చేరాల్సింది" అంటూ మెట్లు దిగి పారిపోయేవాడు.

పోయిన ఏడు అలా వెళ్ళినవాడు పెట్టెలో తిరిగొచ్చాడు. కొండ ఎత్తు ఒంటికి పడక ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. మోసుకుని దించుతుంటే దారిలోనే ప్రాణం పోయింది. గన్నవరంలో విమానం దిగిన పెట్టె వెంట ఆ స్నేహితులూ వచ్చారు. వెంకటప్పయ్య వాళ్ళను మెట్లు ఎక్కనివ్వలేదు. "మీరు తీసుకెళ్ళబట్టేగా పోయాడు! పొండి" అని వీధిలోనే అరిచాడు. అందరూ వెళ్ళారు గానీ ఒక కుర్రాడు మాత్రం ఎదురుగా కరెంటు స్తంభం పక్కన ఎండలో నిలబడిపోయాడు. కాళ్ళకు చెప్పుల్లేవు. మంచినీళ్ళిచ్చి పేరడిగాను. పవన్‌కుమార్ అన్నాడు. హర్షకు ఏమవుతావని అడిగితే నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు.

అప్పటినుంచి అప్పుడప్పుడూ సాయంత్రాలు మెట్ల మీద ఆ గొంతు సవరింపు వినిపించేదని కనకలక్ష్మి చెప్పేది. నేను కొట్టి పారేసేదాన్ని. కొట్టి పారేశానే గానీ నేనూ విన్నాను. మా ఇద్దరికీ ఒకేలా వినిపించేది వట్టి భ్రమ ఎలా అవుతుందని ఆవిడ అడుగుతుందేమోనని చెప్పలేదు.

ఈ ఏడు మే నెలలో సంవత్సరీకం వచ్చింది. వాళ్ళ ఇళ్ళల్లో ఒక ఆనవాయితీ ఉంది. పోయినవాళ్ళ ఫొటో ముందు కొత్త బట్టలు పెట్టి, వాటిని ఇంటివాళ్ళలో ఒకరు కట్టుకోవాలి. కట్టుకునేటప్పుడు ఇంటి పెద్ద పోయినవాళ్ళను పేరు పెట్టి పిలిచి, "ఇదిగో నీ తమ్ముడు కట్టుకుంటున్నాడు", "నీ మనవడు కట్టుకుంటున్నాడు" అని వరస చెప్పాలి. అప్పుడే ఆ బట్ట వాళ్ళ ఒంటికి చేరుతుందని నమ్మకం. కనకలక్ష్మి నీలం రంగు చొక్కా కుట్టించింది. వెంకటప్పయ్య కొడుకు కట్టుకోవాలి. వాడు పీట మీద నుంచి లేచి నిలబడ్డాడు.

"నేను వేసుకోను పెద్దమ్మా. వాడెలాంటివాడో బయట నా ఫ్రెండ్సందరికీ తెలుసు."

"ఎలాంటివాడు?" అన్నాను నేను వెంటనే.

"ఎందుకులెండి పిన్నిగారూ, శుభమా అని" అని వెంకటప్పయ్య నా నోరు మూయించాడు. శుభం ఎక్కడుందో అక్కడ నాకైతే కనబడలేదు. పురోహితుడు పంచాంగం వంక చూస్తూ కూర్చున్నాడు. చొక్కా ఫొటో ముందే ఉండిపోయింది.

మర్నాడు వెళ్ళేసరికి కనకలక్ష్మి కొడుకు గదిలో కిటికీలు బిగించి, రగ్గు కప్పుకుని కూర్చుంది. బయట రోడ్డు తారు చెప్పులకు అంటుకుంటోంది. రోహిణి కార్తె, మిట్టమధ్యాహ్నం!

"జ్వరమా ఏమిటే?"

"చలేస్తోంది పిన్నిగారూ. నాక్కాదు, వాడికి. బట్ట చేరలేదుగా."

నేను గోడ మీద చెయ్యి వేశాను. తడిపిన కుండలా ఉంది. పక్కింటి ఏసీ గాలి తగులుతోందేమోనన్నాను. పక్కిల్లు నాదే. మా ఇంట్లో ఏసీ లేదు.

ఆ వారంలోనే ఇద్దరు వచ్చారు. ఒకరు పవన్‌కుమార్. రెండోది డయానా అనే అమ్మాయి, పటమటలో వ్యాయామశాల నడుపుతుంది, కొండలకు వెళ్ళే ఆ గుంపుకు పెద్ద. మళ్ళీ బయల్దేరుతున్నామని, ఈసారి హర్ష పేరు మీద వెళ్తున్నామని, ఆ తల్లికి చెప్పి వెళ్దామని వచ్చారు. వెంకటప్పయ్య కొట్టులో లేని వేళ చూసుకుని నేనే పైకి తీసుకెళ్ళాను.

"ముందు ఇది చెప్పండమ్మా, అసలు మీరంతా ఎవరు?" అన్నాను కూర్చోగానే.

డయానా దాచలేదు. "మామ్మగారూ, మాలో మగపిల్లల్ని ప్రేమించే మగపిల్లలున్నారు, ఆడపిల్లల్ని ప్రేమించే ఆడపిల్లలున్నారు. ఇక్కడ ఇంట్లో చెప్పుకోలేం, బయట చేతులు పట్టుకుని నడవలేం. ఏడాదికి ఒక్క వారం కొండెక్కి ఊపిరి పీల్చుకుంటాం. అంతేనండీ."

"అయితే నీకూ...?"

"దీవెన అని నర్సు. నన్ను చాలా తిడుతుందిలెండి. పెళ్ళాం లెక్కే."

నాకు నవ్వొచ్చింది. కనకలక్ష్మికి రాలేదు. ఆవిడ పవన్‌నే చూస్తోంది. "మా వాడూనా?" అంది. పవన్ తల దించుకున్నాడు. "నువ్వూ, వాడూనా?" అంది. తల ఇంకా దించాడు.

ఆవిడే మళ్ళీ అడిగింది. "చివర్న ఏమన్నా అన్నాడా నా తండ్రి?"

"నా వీపు మీదే ఉన్నాడమ్మా. చలేస్తోంది అన్నాడు. మళ్ళీ మాట్లాడలేదు."

వాడి ఆఖరి మాట ఇదని అప్పటిదాకా ఈ ఇంట్లో ఎవరికీ ఎవరూ చెప్పలేదు. కనకలక్ష్మి లేచి లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. "వెళ్ళమనండి పిన్నిగారూ" అని లోపలినుంచే అంది.

రెండు రోజులు నాతోనూ మాట్లాడలేదు. మూడో రోజు తనే వచ్చి మా గుమ్మంలో నిలబడింది. "వాడు అక్కడే ఉండిపోయాడు. నేను వెళ్ళి ఆ చొక్కా అక్కడ పెట్టి వస్తాను. ఆ డయానాకి ఫోన్ చెయ్యండి."

"ఆ పిల్లాడి సంగతి?"

"వాడి సంగతి నాకెందుకు? నా కొడుకు సంగతి నాది."

తిరుపతి దాటి ఎరగని మనిషిని ఒంటరిగా ఎలా పంపను? పైగా నాకూ చూడాలని ఉంది. మా పిల్లలు వద్దన్నారు, నేను స్వెట్టర్ కొనుక్కున్నాను.

ఢిల్లీ దాకా విమానం, అక్కణ్ణించి బస్సు, ఆ తర్వాత జీపు. హిమాచల్‌లో ఏదో ఊరు, పేరు నా నోటికి తిరగలేదు. అక్కడినుంచి డేరాలు వేసే పచ్చిక దాకా మమ్మల్నిద్దరినీ గుర్రాల మీద ఎక్కించారు. నా గుర్రం ప్రతి మలుపులోనూ లోయ అంచుకే నడిచేది. "మామ్మగారూ, కిందికి చూడకండి" అని పిల్లలు అరవడం, నేను చూడడం. చదువుకున్న పిల్లలు, ఉద్యోగస్థులు, ఒకడు గుడివాడ నుంచి వచ్చిన పళ్ళ డాక్టరు. పగలు బండలెక్కేవారు, మంచు నీళ్ళలో దూకి కేకలేసేవారు. ఇద్దరబ్బాయిలు చెయ్యీ చెయ్యీ పట్టుకుని పచ్చిక మీద నడుస్తుంటే చూసే కళ్ళు నావే. నేను కాసేపు చూసి, తర్వాత చూడ్డం మర్చిపోయాను. దీవెన నా మోకాళ్ళకు నూనె రాసి, బీపీ చూసి, డయానాను నా ముందే తిట్టింది. వాళ్ళ వంటలో కారం లేదని నేను మా ఊరి కందిపొడి తీస్తే డబ్బా ఒక్క పూటలో ఖాళీ.

అయినా పొద్దు వాలేసరికి అందరి గొంతులూ తగ్గిపోయేవి. పచ్చిక చివర ఒక పెద్ద బండ ఉంది. పోయిన ఏడు హర్ష జబ్బుపడి ఆ బండకే ఆనుకుని కూర్చున్నాడట. అటువైపు ఎవరూ డేరా వెయ్యలేదు. పొగమంచు ముందు ఆ బండ మీదకే దిగేది. ఒక సాయంత్రం దాని వెనకనుంచి గొంతు సవరింపు వినిపించింది నాకు, మా మెట్ల మీద వినిపించేదే. టీ తాగుతున్న పిల్లలంతా గ్లాసులు పట్టుకుని ఆగిపోయారు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు. అంటే అది ఎవరి గొంతో వాళ్ళందరికీ తెలుసన్నమాట.

కనకలక్ష్మి ఒక్కతే లేచి వెళ్ళింది. చొక్కా విప్పి బండ మీద పరిచింది. "హర్షా, వేసుకో నాన్నా" అంది. నేను వెనకే నిలబడ్డాను. చొక్కా కాసేపటికే మంచుకు తడిసి రాయికి అతుక్కుపోయింది. ఆవిడ ఒళ్ళంతా వణకడం మొదలెట్టింది. "లేదు పిన్నిగారూ. చేరలేదు. ఇంకా ఎక్కువైంది" అని పళ్ళు టకటకా కొట్టుకుంటూ చెప్పింది.

అప్పుడు చూశాం మేము, బండకు అటువైపు పవన్ నేల మీద కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద పల్చటి బనీను తప్ప ఏమీ లేదు. పెదాలు నీలంగా ఉన్నాయి.

"ఒరేయ్, చచ్చిపోతావురా! కోటు ఏదిరా?" అన్నాను.

"అలవాటైందండీ మామ్మగారూ."

డయానా పరిగెత్తుకొచ్చింది. "వీడింతే ఆంటీ. ఏడాదినుంచి దుప్పటి కప్పుకోడు. విజయవాడలో డిసెంబర్లో కూడా. తిట్టాం, కొట్టాం."

"వాడు చలిలో ఉంటే నేనెలా కప్పుకోనమ్మా?" అన్నాడు పవన్, కనకలక్ష్మితోనే.

ఆవిడ అతణ్ణి తల నుంచి కాళ్ళ దాకా చూసింది. పొగమంచు మా మోకాళ్ళ దాకా వచ్చింది. తర్వాత వంగి, తడిసిన చొక్కా రాయి మీదనుంచి ఊడదీసింది, గట్టిగా పిండింది.

"లే" అంది.

పవన్ లేచాడు. ఆవిడే చేతులు తొడిగింది. హర్ష కొలతకు కుట్టించిన చొక్కా ఇతనికి బిగుతు, బొత్తాలు పెట్టడానికి పొట్ట లోపలికి లాక్కోమంది. ఇక పేరు పెట్టి పిలిచి వరస చెప్పాలి. "హర్షా, ఇదిగో నీ..." అని ఆగింది. తమ్ముడు కాదు. బావమరిది కాదు. స్నేహితుడు అంటే అయిపోయేదే, కానీ ఆవిడ ఆ మాట అనలేదు. పిల్లలంతా డేరాల దగ్గరనుంచి వచ్చి దూరంగా నిలబడ్డారు. పవన్ కళ్ళు మూసుకున్నాడు.

"హర్షా, ఇదిగో నీవాడు కట్టుకుంటున్నాడురా" అంది గట్టిగా, కొండకు వినిపించేలా.

ఒక్క క్షణం గాలి లేదు. పవన్ వణకసాగాడు. అప్పటిదాకా వణకనివాడు మోకాళ్ళ మీద కూలిపోయి, "చలి, చలి" అంటూ వెక్కి వెక్కి ఏడ్చాడు. మేమంతా కలిసి రగ్గులన్నీ తెచ్చి వాడి మీద వేశాం. కనకలక్ష్మి చీర కొంగుతో నుదుటి చెమట తుడుచుకుంటోంది. ఆ మంచులో చెమట.

ఆ తర్వాత బండ వెనక ఏ చప్పుడూ లేదు. ఇంటికి తిరిగొచ్చాక మెట్ల మీదా లేదు.

వెంకటప్పయ్యకు ఎలాగో తెలిసింది. పైకి వచ్చి, "ఏం వదినా, మన ఇంటి బట్ట ఎవడో బయటివాడికి కట్టబెట్టావంటగా? నలుగురూ నవ్వుతున్నారు" అన్నాడు.

"నీ కొడుకు వద్దన్నాడుగా. కావల్సినవాడు కట్టుకున్నాడు" అంది కనకలక్ష్మి. అతను మళ్ళీ పైకి రాలేదు.

పవన్ ఇప్పుడు దుప్పటి కప్పుకుంటున్నాడని డయానా ఫోన్ చేసి చెబుతుంటుంది. అంతటితో అయిపోయిందనే అందరూ అనుకున్నారు. నిన్న మధ్యాహ్నం వెళ్తే కనకలక్ష్మి హర్ష గదిలో కిందే కూర్చుని ఉంది. కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. గోడ మీద చెయ్యి పెట్టాను, చుర్రుమంది. ఆవిడ జాకెట్టు వీపంతా తడిసిపోయింది. ఒకటే ఏడుపు. కొడుకు పెట్టె వచ్చిన రోజు కూడా అంత ఏడవలేదు ఆవిడ.

"ఉడికిపోతోంది పిన్నిగారూ" అంది. "వెళ్ళిపోయాడు. నిజంగానే వెళ్ళిపోయాడు. చలేస్తోందని అన్నన్నాళ్ళూ నాతో మాట్లాడుతున్నాడు కదండీ. నేనే పంపేశాను. తప్పు చేశానా?"

నేను లేచి ఫ్యాన్ వెయ్యబోతే వద్దని చెయ్యి ఊపింది. నేనూ ఆ ఉక్కలోనే ఆవిడ పక్కన కూర్చున్నాను.