మొదటి ఉండ

ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. కరుణత్త పెళ్ళికి, నా పదో ఏట, మామ్మ చెబుతూ ఉండగా నేను రాసిచ్చిన వంటల పుస్తకంలో, పాకుండల పేజీలో, ఒక మాట కావాలనే రాయలేదు. అప్పట్లో డైరీలో మాత్రం చీమ తలకాయంత అక్షరాలతో రాసుకున్నాను. రాసి, ఆ పేజీని పక్క పేజీకి అన్నం మెతుకులతో అంటించేశాను. పదహారేళ్ళయింది. ఆ రెండు పేజీలూ ఇప్పటికీ విడిపోలేదు.

ఆ వంటల పుస్తకం మొన్న నా దగ్గరికే తిరిగి వచ్చింది. పోయిన వానలకి అత్తవాళ్ళ వంటింటి గోడ చెమ్మెక్కి, అలమరలో ఉన్న పుస్తకం ఉబ్బిపోయి, సగం అక్షరాలు నీలంగా అలుక్కుపోయాయట. "ఈ క్రిస్మస్‌కి మా పాప తనే వండుతానంటోందే. నీ చేత్తోనే మళ్ళీ రాసి పంపవే" అని అత్త తుని నుంచి కొరియర్‌లో పంపింది. కాకినాడలో నేనుండే గదిలో కవరు విప్పగానే పుస్తకం కన్నా ముందు వాసన బయటికొచ్చింది. బెల్లం, వేగిన నువ్వులు, మాడీ మాడని నెయ్యి, వాటన్నిటి వెనకా మా వెనక పంచలో ఎండు కొబ్బరిమట్టల పొయ్యి పొగ. 

మా ఇల్లు గోదావరి పక్క గన్నవరం దగ్గర, కాలవ గట్టు పక్కన, చర్చి వీధిలో ఉండేది. మామ్మ అంటే నాన్నగారి అమ్మ. వయసులో ఉన్నప్పుడు ఊడ్పులకీ కోతలకీ వెళ్ళి, ముగ్గురు పిల్లల్నీ చదివించింది గానీ, తనకి మాత్రం అక్షరం రాదు. కరుణత్త నాన్నగారికి ఆఖరి చెల్లెలు. అమ్మ పొద్దున్నే బస్సు పట్టుకుని బడిలో పాఠాలు చెప్పడానికి వెళ్ళిపోయేది కాబట్టి నాకు జడలు వేసిందీ, గోళ్ళు తీసిందీ, నలుగురిలో నోరు పెగలని నన్ను తన చీర కుచ్చిళ్ళ వెనక దాచుకుని పెళ్ళిళ్ళకీ ప్రార్థనలకీ తిప్పిందీ అత్తే. నా మొదటి డైరీ కూడా తనే ఇచ్చింది. "నోటితో చెప్పలేనివి ఇందులో చెప్పుకోవే" అంది.

మా ఇంట్లో రుతువులు వంటింట్లోంచి వచ్చేవి. ఎండాకాలంలో పనసాకులు నాలుగు కలిపి కొబ్బరీనె పుల్లలతో బుట్టలా కుట్టి, అందులో మినప్పిండి పోసి ఆవిరి మీద పొట్టిక్కలు వండేవారు. పిండి ఉడుకుతుంటే ఆకు వాసన వీధి మొదటిదాకా వచ్చేది. గోదావరికి ఎర్రనీళ్ళు తగిలి లంకల్లో పడవలు తిరిగే రోజుల్లో, గట్టు మీద రాలిన తాటిపళ్ళ పేసం తీసి, బియ్యపు రవ్వ కలిపి, కింద నిప్పులూ మూత మీద నిప్పులూ వేసి రొట్టె కాల్చేవారు. డిసెంబరు వచ్చిందంటే ఇక పాకుండలు. ఒక పగలూ ఒక రాత్రీ నానిన బియ్యాన్ని వెనక పంచలో రోట్లో పోసి, అమ్మా అత్తా ఎదురెదురుగా నిలబడి రోకళ్ళు వేసేవారు. జల్లించిన తడిపిండి మంచు ముద్దలా ఉండేది. నేను వేలితో గుంట చేస్తే మామ్మ గరిటె కాడతో నా వేలి మీద కొట్టేది, దెబ్బ తగలకుండా.

బెల్లప్పాకం పట్టడంలో మామ్మకి వీధిలో సాటి లేదు. క్రిస్మస్ వారం రోజులూ ఒక్కో ఇంటి నుంచీ "మామ్మగారూ, మా పొయ్యి మీద పాకం ఉంది, ఓసారి వచ్చి చూద్దురూ" అని పిలుపులు వచ్చేవి. చంకన చిన్న పీటొకటి పెట్టుకుని బయల్దేరేది. గడియారం చూసేది కాదు. వంట ఏదైనా దాని కాలం పెదవుల మీదే కొలిచేది. కొబ్బరి ముక్కలు నేతిలో వేగాలంటే పరలోక ప్రార్థన ఒకసారి, నువ్వులకి అందులో సగం. పాకానికైతే ఏ ప్రార్థనా లేదు. "పాకం దగ్గర కళ్ళు మూసుకుంటే దేవుడు కూడా కాపాడలేడే" అని నవ్వేది.

పాకంలో పిండి కలిపి ఉండలు చుట్టడం అయ్యాక, నూనె కాగాక, మొదట ఒకే ఒక్క ఉండ వేసేది. అది గుండ్రంగా పైకి తేలితే మిగతావి వెయ్యాలి. విచ్చుకుంటే పాకం లేతగా ఉన్నట్టు, పిండిలో ఇంకో గుప్పెడు తడిపిండి కలపాలి. ఎన్ని వందల సార్లు వండిన చెయ్యైనా ఆ ఒక్క ఉండ వెయ్యకుండా రెండోది వేసేది కాదు. ఆ మొదటి ఉండ ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ళది. మా ఇంట్లో అది నేను. "ఊదుకుని తిను, మూతి కాల్తాది" అంటూ ఆకు ముక్కలో పెట్టి నా చేతికిచ్చేది. పైన పెళుసుగా, లోపల మెత్తగా, ఎక్కడో పంటికింద కొబ్బరి ముక్క. ఏడాదికి ఒకసారి, ఆ ఉండ నమిలినంతసేపూ, ఇల్లంతా నా మొహంకేసే చూసేది. ఎవరి ఎదుటా తలెత్తని నాకు ఆ చూపులు మాత్రం బాగుండేవి.

సాయంత్రాలు మామ్మకి బైబిల్లోంచి వాక్యం చదివి వినిపించడం నా పని. ఎప్పుడైనా ఆటకి వెళ్ళే తొందరలో మధ్యలో ఒక వచనం వదిలేస్తే పట్టేసుకునేది.

"ఏవే బుజ్జమ్మా, పడవెక్కకుండానే అవతల రేవుకి ఎలా చేరిపోయేరే వాళ్ళు? వచనం మింగేసేవు."

"లేదు మామ్మా."

"నీకు లేదేమోగానీ నాకు కడుపు నిండలేదు. మళ్ళీ చదువు."

చదువు రాని మనిషికి ఎలా తెలిసిపోయేదో అప్పట్లో నాకు అంతుపట్టేది కాదు. మింగేటప్పుడు నేను గబగబా చదువుతానని నాకు తెలియదు.

అత్తకి తుని సంబంధం కుదిరింది. ప్రధానం రోజున మగపెళ్ళివారితో ఆరేళ్ళ పిల్లొకతె వచ్చింది. పెళ్ళికొడుకు అక్కగారి కూతురు, ఆ ఇంట్లోనే పెరుగుతోందట. ఎర్ర గౌను వేసుకుని, కొత్తాపాతా లేకుండా సూటిగా వచ్చి, "అత్తా" అంటూ మా అత్త ఒళ్ళో కూర్చుంది. అత్త ఆ పిల్ల జడ విప్పి మళ్ళీ అల్లింది. నేను తలుపు పక్కన నిలబడి చూశాను. ఆ జడ నా జడలాగే, చివర రెండు ముళ్ళతో అల్లింది.

పెళ్ళికి ఎవరేం ఇవ్వాలో ఇంట్లో మాట్లాడుకుంటుంటే, నా దగ్గర ఏమీ లేదని నేను గింజలు తీసిన చింతపండు ముందు కూర్చుని ఏడుస్తున్నాను. మామ్మ వచ్చి పక్కన చతికిలబడింది. "స్టీలు గిన్నెలు అందరూ ఇస్తారే. నా నోట్లో ఉన్నది నువ్వు కాగితం మీద పెట్టు. అది ఇద్దాం ఇద్దరం" అంది. అలా మొదలైంది. రూళ్ళ పుస్తకం ఒకటి తెచ్చాం. మామ్మ తన పాత బండారులంక నేతచీర అంచు చించి ఇస్తే, మైదా జిగురుతో అట్టకి అంటించి, చుట్టూ నల్లదారంతో కుట్టాను. మధ్యాహ్నాలు భోజనాలయ్యాక వెనక పంచలో కూర్చునేవాళ్ళం. మామ్మ కొబ్బరీనెలు చీరుతూ చెప్పేది, నేను బోర్లా పడుకుని రాసేదాన్ని. ప్రార్థనలో సగం అని ఎలా రాయాలో తెలియక "సగం ప్రార్థన" అనే రాశాను. ఒక్కో వంటా అయ్యాక చదివించుకుని, సరిపోతే "ఆయ్" అనేది.

పాకుండల వంతు ఆఖరున వచ్చింది. మామ్మ మొదటి ఉండ సంగతి చెబుతుంటే నా పెన్ను ఆగింది. తునిలో ఆ పొయ్యి ముందు అత్త కూర్చుని ఉంటుంది, నూనెలో ఒక్కటే ఉండ తేలుతుంది, అత్త దాన్ని ఆకులో పెట్టి "ఊదుకుని తిను" అంటూ ఆ ఎర్ర గౌను పిల్లకి ఇస్తుంది. అదే కళ్ళకి కట్టింది. ఆ మాట రాయలేదు. కింద రాస్తున్నట్టు పెన్ను ఊరికే కదిపాను. చదవమంటే మాత్రం, లేని ఆ మాట కూడా ఉన్నట్టే చదివేశాను, గబగబా.

మామ్మ చేతిలో ఈనె ఒక క్షణం ఆగింది. తర్వాత "ఆయ్" అంది.

పెళ్ళిరోజున పుస్తకం చూసి అత్త ఏడ్చింది. కారు అక్విడెక్టు వంతెన మీదుగా వెళ్ళిపోయేదాకా గట్టు మీద నిలబడి చూశాం.

ఆ డిసెంబరులో, పండగ ఇంకా రెండు రోజులుందనగా అత్త ఫోన్ చేసింది. నాన్నగారు సెల్లు స్పీకర్‌లో పెట్టారు. అందరం పొయ్యి చుట్టూనే ఉన్నాం.

"అమ్మా, అన్నీ ఒక్కసారే నూనెలో వేశాను. వేసినవి వేసినట్టే విచ్చిపోయాయమ్మా. మా అత్తగారు వచ్చినోళ్ళందరికీ చెప్తున్నారు, 'మా కోడలు పాకుండలు వండలేదండి, నూనెలో పిండి కడిగింది' అని." నవ్వబోయి ఏడ్చేసింది.

"మొదట ఒక్కటే వేసి చూడలేదా అమ్మా? ఏటా చూసేదానివే కదా" అంది మామ్మ.

"చూసేదాన్నే. అది బుజ్జికోసం వేసేది అనుకున్నానే. నీ పుస్తకంలో ఆ మాటే లేదు."

మామ్మ నా వైపు చూడలేదు. పొయ్యిలో మట్ట ఒకటి లోపలికి తోసి, "నేనే చెప్పడం మర్చిపోయేనమ్మా. ముసల్దాన్నయిపోయేను కదా. తప్పు నాదని మీ అత్తగారితో చెప్పు" అంది.

అప్పుడు నోరు విప్పి ఉండాల్సింది. విప్పలేదు. అక్కడితో అయిపోతుందనుకున్నాను. కానీ ఆ మాటని అందరూ నిజమనుకున్నారు. అప్పటిదాకా మామ్మకి మరుపు అన్న మాట మా ఇంట్లో ఎవరూ అని ఎరగరు. ఆ తర్వాత కూరలో ఉప్పు కాస్త ఎక్కువైతే "అత్తయ్యగారు రెండుసార్లు వేసేసి ఉంటారు" అని అమ్మ అనేది, కోపంగా కాదు, జాలిగా. ఆ జాలే ఎక్కువ బాధగా ఉండేది. మరుసటి ఏడు వీధిలో పాకం చూడటానికి ఇంకొకావిడని పిలిచారు. "మామ్మగారిని ఎందుకు శ్రమపెట్టడమండీ, పాపం మరుపొచ్చింది కదా" అని మా గుమ్మం ముందే అనుకుంటూ వెళ్ళారు. మామ్మ లోపల మంచం మీద కూర్చుని ఉంది. పీట గోడకి ఆనించి ఉంది. నేను గడప దగ్గర ఉన్నాను. ఒక్క మాట చాలు. అది అనకుండా వీధి తలుపు దగ్గరికి వేసేశాను.

ఆ ఏడూ మా ఇంట్లో మొదటి ఉండ మామ్మే వేసింది. తేలాక తీసి, ఆకులో పెట్టి, నా చేతికే ఇచ్చింది. "ఊదుకుని తిను" అంది. ఎప్పటిలాగే అందరూ నా మొహం చూశారు. నేను నమల్లేక నోట్లోనే ఉంచుకుని కాలవ గట్టు మీదికి పరిగెత్తాను.

ఇప్పుడు ఆ వెనక పంచ లేదు, అక్కడ సిమెంటు మెట్లు వచ్చాయి. రోలు బోర్లించి దాని మీద తులసి కోటలాగా ఎవరో బంతి మొక్క కుండీ పెట్టారు. బియ్యం మిల్లులో ఆడిస్తారు. చర్చి వీధిలో పండగకి పాకుండలు అట్టపెట్టెల్లో అమలాపురం నుంచి వస్తున్నాయి, అన్నీ ఒక్క కొలతలో, ఒక్క రంగులో. వాటిలో మొదటిది ఏదో ఎవరికీ తెలియదు. పాకం చూడమని ఎవరూ ఎవరినీ పిలవడం లేదు.

నిన్న కొత్త పుస్తకం పూర్తి చేశాను. మామ్మ మిగిల్చిన చీర ముక్కల్లో అంచు ఇంకో మూర ఉంటే దానితోనే అట్ట కుట్టాను. సగం ప్రార్థన అలాగే ఉంచాను. పాకుండల పేజీలో ఆ మాట రాసి, దాని కింద ఇలా రాశాను: "అత్తా, ఇది మామ్మ మర్చిపోయింది కాదు. తను చెప్పింది, నేను రాయలేదు. ఆ ఎర్ర గౌను పిల్ల మీద కుళ్ళుతో రాయలేదు. మీ అత్తగారితోనూ, మా అమ్మతోనూ నేనే చెబుతాను." సోమవారం పోస్టు చేస్తాను. అత్త ఏమంటుందో తెలియదు. పదహారేళ్ళు మామ్మ మోసింది నేను నాలుగు రోజులు మోయలేనా అనుకుంటున్నాను.

మోసింది అని ఎందుకంటున్నానంటే, మామ్మకి తెలుసు. అది నాకు తెలిసింది పోయిన వానాకాలంలోనే. మామ్మ మంచంలో ఉంది. శనాదివారాలు వచ్చి వాక్యం చదివి వెళ్ళేదాన్ని. ఆ ఆదివారం బస్సు వేళయిపోతోందని తొందరగా ముగించి, సంచీ భుజాన వేసుకున్నాను. అత్త పుస్తకం చెమ్మకి పాడైపోతోందనీ, మళ్ళీ రాయాల్సి వస్తుందేమోననీ అమ్మ అంతకుముందే వంటింట్లోంచి అంది. మామ్మ చెయ్యి చాచి నా మణికట్టు పట్టుకుంది. ఆ వేళ్ళు ఎండు ఈనెల్లా తేలిగ్గా ఉన్నాయి. ఆ గురువారానికి మామ్మ లేదు. నాతో అన్న ఆఖరి మాట ఇదే:

"ఈసారి ఆ మొదటి ఉండ మింగకుండా రాయవే, బుజ్జమ్మా. ఎవరో ఒక పిల్ల తింటాదిలే."